యూక్లిడ్ నిరూపణ, విండ్సర్ తర్కం

ఒక మాట నిజమని చెప్పడం వేరు, అది నిజం కాక తప్పదని చూపడం వేరు. రెండో పనిని ప్రాచీన గ్రీకులు రేఖాగణితంలో ఒక పద్ధతిగా మలిచారు. క్రీ.పూ. 300 ప్రాంతంలో యూక్లిడ్ కూర్చిన 13 భాగాల ‘ఎలిమెంట్స్’ నిర్వచనాలు, 5 స్వీకృతాలు, కొన్ని సామాన్య భావనలతో మొదలవుతుంది. తరువాతి సిద్ధాంతాలన్నీ వీటి మీద, అప్పటికే రుజువైన వాటి మీద నిలుస్తాయి. త్రిభుజ కోణాల మొత్తం రెండు లంబకోణాలని కోణమానినితో కొలిచి చూడవచ్చు. ఆ కొలత ఆ ఒక్క త్రిభుజానికే సాక్ష్యం, అదీ ఉజ్జాయింపుగా. శీర్షం గుండా భూమికి సమాంతర రేఖ గీసి ఏకాంతర కోణాలు సమానమని చూపితే, ఆ ఫలితం ఏ త్రిభుజానికైనా చెల్లుతుంది.

సంపాదకీయానికో ఎన్నికల ప్రసంగానికో ఈ నిరూపణ కొలబద్ద చాలదని కెనడాలోని విండ్సర్ విశ్వవిద్యాలయ తత్త్వశాస్త్ర ఆచార్యులు రాల్ఫ్ జాన్సన్, ఆంథొనీ బ్లెయిర్ గుర్తించారు. 1977 నాటి తమ ‘లాజికల్ సెల్ఫ్ డిఫెన్స్’ గ్రంథంలో వారు వాదనను మూడు ప్రశ్నలతో తూచారు: ఆధారాలు అంగీకరించదగినవేనా, విషయానికి సంబంధించినవేనా, సరిపడినన్ని ఉన్నాయా. యూక్లిడ్‌కు వీటితో పెద్దగా పని పడలేదు. ఇలా రోజువారీ వాదనలను తూచే ఇన్‌ఫార్మల్ లాజిక్‌పై 1978లో తొలి అంతర్జాతీయ సదస్సు విండ్సర్‌లోనే జరిగింది. వాదనా పరిశోధన కేంద్రం అక్కడ 2006లో ఏర్పడింది.