మత్తుకు ముందు గుండె పరీక్ష

నాలుగైదు నెలల పిల్లికూనను పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడానికి తీసుకెళ్తే, పశువైద్యుడు స్టెతస్కోపు పెట్టి గుండెలో మర్మర్ (మామూలుగా ఉండని అదనపు శబ్దం) వినిపిస్తోందని చెప్పడం అరుదేమీ కాదు. అప్పుడు ఇప్పుడే చేయించాలా, ఆగాలా అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఈ ప్రశ్న వెనక నూట డెబ్బై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అందులో ఒక ముఖ్యమైన ఘట్టం హైదరాబాదులోనే జరిగింది. ఆ చరిత్రను గమనిస్తే నాకు ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది: ఆపరేషన్ తేదీని క్యాలెండర్ కాదు, గుండె పరిస్థితి నిర్ణయించాలి. ఆగితే దేనికోసం ఆగుతున్నామో, ఎంతవరకు ఆగుతామో ముందే తేల్చుకోవాలి.

1847లో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫాం అనే మత్తుమందును వైద్యంలోకి తెచ్చాడు. రెండు నెలలు తిరిగేసరికి, 1848 జనవరిలో, ఇంగ్లండ్‌లో కాలిగోరు తీయించుకోవడానికి వచ్చిన పదిహేనేళ్ల హన్నా గ్రీనర్ ఆ మత్తులోనే చనిపోయింది. ఆగింది గుండెనా, శ్వాసనా అన్న వాదం దశాబ్దాలపాటు సాగింది. హైదరాబాదు వైద్య పాఠశాలను నడిపిన సర్జన్ ఎడ్వర్డ్ లారీ, ఎడిన్‌బరోలో సర్జన్ సైమ్ దగ్గర చదువుకున్నవాడు. శ్వాసను కనిపెట్టుకుని ఉంటే చాలు, గుండెకు ప్రమాదం లేదన్నది అతని గట్టి నమ్మకం. 1888లో హైదరాబాదులో ఏర్పడిన మొదటి క్లోరోఫాం కమిషన్ అదే తేల్చింది. లండన్‌లోని లాన్సెట్ పత్రిక ఒప్పుకోకపోవడంతో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లిచ్చి, ఆ పత్రిక తరఫున వైద్యుడు లాడర్ బ్రంటన్‌ను రప్పించాడు. 1889లో కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, పిల్లులు, కుందేళ్లు కలిపి 400కు పైగా జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. రెండో కమిషన్ కూడా లారీ మాటనే బలపరిచింది.

అంత పెద్ద ప్రయత్నం ఎక్కడ తప్పింది? ఆ ప్రయోగాల్లో చాలావాటిలో మోతాదు మించిన క్లోరోఫాం ఇచ్చి, ముందు ఏది ఆగుతుందో చూశారు. అలాంటప్పుడు శ్వాసే ముందు ఆగుతుంది. కానీ ఆసుపత్రుల్లో ఎన్నో మరణాలు మత్తు ఇంకా పూర్తిగా ఎక్కకముందే, రోగి భయంతో పెనుగులాడుతున్నప్పుడు జరిగాయి. ఈ చిక్కుముడి 1911లో వైద్యుడు గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చేసిన ప్రయోగాలతో వీడింది. తేలిక మత్తులో ఉన్న పిల్లికి కొద్దిగా అడ్రినలిన్ ఇస్తే చాలు, గుండె గదులు లయ తప్పి వణికి ఆగిపోయాయి. భయపడితే ఒంట్లో ఊరేదీ ఆ అడ్రినలినే. అంటే మత్తు ప్రమాదం మందులో మాత్రమే లేదు, మందు అందుకునే గుండె స్థితిలోనూ ఉంది.

క్లోరోఫాం కాలం పోయింది, ఇప్పటి మత్తుమందు ఐసోఫ్లూరేన్ గుండెను అంతగా రెచ్చగొట్టదు కదా అని అడగవచ్చు. ఆ మాట నిజమే. కానీ పిల్లుల్లో ఎక్కువగా కనిపించే గుండె జబ్బు హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతిలో కండరం మందమవుతుంది. గుండె వేగం పెరిగితే రక్తం నిండే వ్యవధి చాలదు. భయం, కెటమిన్ అనే మత్తుమందు రెండూ ఆ వేగాన్ని పెంచుతాయి. సెలైన్ ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. 2005లో మెయిన్ కూన్ జాతిలో, 2007లో రాగ్‌డాల్ జాతిలో ఈ జబ్బుకు కారణమైన జన్యుమార్పులు బయటపడ్డాయి. అయితే మర్మర్ ఉన్నంతమాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. కూనల్లో కొన్ని మర్మర్లు ఎదిగేకొద్దీ వాటంతటవే మాయమవుతాయి. జబ్బున్నా మర్మర్ వినపడని పిల్లులూ ఉన్నాయి. గుర్రుగుర్రుమనే కూన గుండెను వినాలంటే వైద్యులు పక్కన కుళాయి తిప్పుతారు. ఆ నీటి చప్పుడుకు గుర్రు ఆగుతుంది. అలా కొన్ని వారాల తేడాతో రెండుసార్లు విని, మర్మర్ పోకపోతే ఎకో (గుండె అల్ట్రాసౌండ్) తీయించడమే తెలివైన పని.

ఎకో ఖర్చుతో కూడినది, చిన్న ఊళ్లలో దొరకదన్న అభ్యంతరం న్యాయమైనదే. అక్కడ గుండె ఒత్తిడిని పసిగట్టే ఎన్‌టి-ప్రోబీఎన్‌పీ రక్తపరీక్ష కొంత దారి చూపుతుంది. అదీ లేకపోతే గుండె బలహీనంగా ఉందనుకునే మత్తు ఇవ్వాలి: ముందుగా బెదురు తగ్గించడం, సెలైన్ ఆచితూచి ఎక్కించడం, గుండె వేగం, రక్తపోటు, ఆక్సిజన్ మూడింటినీ చివరిదాకా చూడటం. ఇంత చిక్కెందుకు, ఆపరేషనే మానేద్దామన్నది మరో వాదన. ఆడకూన నాలుగో నెలకే చూలు కట్టగలదు. చూలులో రక్తం పరిమాణం, గుండె శ్రమ రెండూ పెరుగుతాయి. బలహీనమైన గుండెకు అది సిద్ధపడి ఇచ్చిన మత్తుకంటే పెద్ద పరీక్ష. అందుకే ఆగినన్నాళ్లూ కూనను మగపిల్లులకు దూరంగా ఇంట్లోనే ఉంచాలి, మళ్లీ పరీక్షించే తేదీ రాసిపెట్టుకోవాలి. గుండె ఇప్పటికే విఫలమవుతున్న కూనకు మాత్రం ముందు ఆ జబ్బుకు మందు, తర్వాతే మిగతా ఆలోచన.

లారీ నిజాయితీపరుడు, కష్టజీవి. వేల మందికి మత్తు సురక్షితంగా ఇచ్చామన్న అనుభవమే అతన్ని తప్పు దారి పట్టించింది. ఎన్నో కూనలకు ఏమీ కాలేదన్న లెక్క కూడా మన ఎదుట ఉన్న ఈ ఒక్క కూన గుండె గురించి ఏమీ చెప్పదు. ఆ జవాబు కోసం దాన్ని పరీక్షించడం తప్ప దగ్గరిదారి లేదు.