పడవెక్కిన పుస్తకం

కృష్ణా పశ్చిమ డెల్టాలో ఒకప్పుడు రోడ్డుకంటే కాలువే నమ్మకం. వానాకాలం వస్తే నల్లరేగడి బాటలో బండి ఇరుసుదాకా దిగబడేది. కాలువలో పడవ ఆలస్యమైనా ఊరు చేర్చేది. గట్టుమీద మనుషులు తాడు భుజానేసుకుని లాగేవాళ్లు కనుక దాని వేగం మనిషి నడకను దాటేది కాదు. లాకులొస్తే నీటిమట్టం సరిపడేదాకా అక్కడే పడిగాపులు. ఆ పొద్దంతా ప్రయాణికులు చుట్టలు కాల్చేవాళ్లు, గట్టు తగాదాలు చెప్పుకునేవాళ్లు, లేదంటే మూట తలకింద పెట్టుకుని కునుకు తీసేవాళ్లు.

ఆ ఖాళీ పొద్దుమీద పాతూరి నాగభూషణం కన్నుపడింది. గుంటూరు జిల్లా పెదపాలెం ఆయన ఊరు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లవాడు. 1935 అక్టోబరు 27న పెదవడ్లపూడికీ కొల్లూరుకీ మధ్య తిరిగే పడవలో పుస్తకాలు, పత్రికలు పెట్టించాడు. పడవెక్కినవాడే పాఠకుడు. వాడి కులమేమిటి, చందా కట్టాడా, ఏ ఊరివాడు అన్న ఆరాలకు అక్కడ చోటు లేదు. దిగేలోపు చదివినంత చదువుకోవచ్చు. కాలువ పొడవునా ఊళ్లు ఉన్నాయి, ప్రతి ఊరికీ రేవు ఉంది, రేవురేవునా పడవ ఆగుతుంది. గ్రంథాలయం కట్టడానికి చోటు, డబ్బు, దాత దొరకని పల్లెలకు పుస్తకం మొహం చూపించడానికి ఇంతకంటే చౌకైన ఉపాయం ఆ రోజుల్లో ఇంకెవరికైనా తట్టిందో లేదో!

తట్టినవాళ్లు లేకపోలేదు. నాలుగేళ్ల ముందే, 1931లో, అదే మద్రాసు రాజధానిలో తంజావూరు జిల్లా మన్నార్‌గుడి దగ్గర ఎడ్లబండి గ్రంథాలయం పల్లెబాట పట్టింది. ఎస్.ఆర్. రంగనాథన్ గ్రంథాలయ శాస్త్రానికి తన పంచసూత్రాలు అచ్చువేసింది కూడా ఆ ఏడాదే. అక్కడ ఎడ్లు, ఇక్కడ పడవ. ఏ సీమకు ఏది నడుస్తుందో దానిమీదే పుస్తకం ఎక్కింది.

పుస్తకం ఇలా పల్లెకు బయల్దేరడం వెనక చాలా కథ ఉంది. పుస్తకమంటే తాళపత్రమైనన్నాళ్లూ అది రాజుగారి కోటలోనో మఠంలోనో పండితుడి అటకమీదో ఎర్రగుడ్డలో చుట్టి ఉండేది. ఏడాదికోసారి సరస్వతీ పూజనాడు బయటికొచ్చి, పసుపు కుంకుమలు పెట్టించుకుని మళ్లీ లోపలికి పోయేది. అచ్చుయంత్రం వచ్చి ప్రతులు పెంచింది కానీ కొనే స్తోమత పెంచలేదు. 1886లో విశాఖపట్నంలో మంతెన ఆదినారాయణమూర్తి పెట్టిన సరస్వతీ నిలయాన్ని ఆంధ్రదేశంలో పౌర గ్రంథాలయాలకు తొలి గుర్తుగా చెప్పుకుంటారు. ఆ తర్వాత పాతికేళ్లలో చిన్నవీ పెద్దవీ చాలా వెలిశాయి. ఎక్కువభాగం ఒక గది, ఒక బీరువా, నాలుగు పత్రికలు, పదిమంది ఉత్సాహవంతులు. ఆ పదిమందిలో ఒకరికి బదిలీ అయినా, ఇద్దరికి పడకపోయినా బీరువాకు తాళం పడేది.

ఇలా ఎక్కడికక్కడ వెలిగి ఆరిపోతున్న వాటిని ఒక గొడుగు కిందకు తేవాలని పూనుకున్నవాడు అయ్యంకి వెంకటరమణయ్య. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది అక్కడే. ఆ సభకు అధ్యక్షుడు చిలకమర్తి లక్ష్మీనరసింహం.

ఇక్కడ కొంచెం ఆగాలి. చిలకమర్తికి చిన్నతనం నుంచీ రేచీకటి. వయసు పెరిగేకొద్దీ ఉన్న చూపూ పోయింది. పుస్తకాలు ఎవరో చదివిపెడితే వినేవాడు. రచనలు తాను చెబుతుంటే ఎవరో రాసేవారు. తెలుగువాళ్లను పొట్ట చెక్కలయ్యేలా నవ్వించిన ‘గణపతి’ నవల అలా నోటితో చెప్పి రాయించిందే. అచ్చయిన పేజీని కళ్లతో అందుకోలేని మనిషి పుస్తకాల మహాసభకు పెద్ద. కాకతాళీయమే కావచ్చు కానీ, పుస్తకానికీ మనిషికీ మధ్య ఉండే అడ్డాల గురించి ఆ సభలో ఆయనకంటే బాగా తెలిసినవారు ఉండి ఉండరు. పైగా ఆయన రాజమండ్రిలో అంటరానివాళ్లని దూరం పెట్టిన కులాల పిల్లలకోసం బడి పెట్టి ఏళ్లతరబడి నడిపినవాడు.

మహాసభలు పెట్టి తీర్మానాలు చెయ్యడం ఒక ఎత్తు. నూటికి తొంభైమందికి అక్షరం రాని దేశంలో గ్రంథాలయం పెట్టడం ఇంకో ఎత్తు. అక్షరం రానివాడికి బీరువా నిండా పుస్తకాలున్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఉద్యమకారులు ఈ చిక్కుముడిని చాలా తొందరగానే పట్టుకున్నారు. అందుకే గ్రంథాలయం అరుగుమీద రాత్రిబడులు నడిపారు, పురాణ కాలక్షేపాలు, భజనలు, హరికథలు పెట్టారు. ఒకరు పత్రిక చదువుతుంటే చుట్టూ చేరి పదిమంది వినేవాళ్లు. అంతకాలం రామాయణ భారతాలు ఊరిలోకి వచ్చింది ఇలా చెవిదారినే కదా. ఇప్పుడు అదే దారిన గాంధీగారి కబుర్లూ ధాన్యం ధరలూ వచ్చాయి.

గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఈ పనికి ఒక పేరు పెట్టాడు. 1908లో ‘స్వరాజ్య’ పత్రికలో వచ్చిన వ్యాసానికి రాజద్రోహ నేరంమీద జైలుకెళ్లిన మనిషి ఆయన. తర్వాత చాలాకాలం గ్రంథాలయ సంఘానికి పెద్దదిక్కుగా ఉన్నాడు. ‘వయోజన విద్య’ అనే మాటను తెలుగులోకి తెచ్చింది ఆయనే అంటారు. గ్రంథాలయానికి బడి తోడుంటే తప్ప అది అక్షరాస్యుల క్లబ్బుగా మిగిలిపోతుందన్న ఎరుక ఆ మాటలో ఉంది.

ఇంత చేసినా అందరికీ తలుపు తెరుచుకుందా?

1917 నవంబరులో అదే బెజవాడలో ఇంకో సభ జరిగింది. హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డివర్మ అధ్యక్షుడిగా వచ్చాడు. పంచముల మహాసభగా పిలిచిన ఆ సమావేశానికి, మేం పంచములం కాదు, ఈ నేలకు మొదటి మనుషులం అంటూ ఆయన ఆది ఆంధ్ర అనే పేరు ఖాయం చేయించాడు. సభ జరిగిన రోజుల్లో కొండమీద కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. మూడేళ్ల కిందట ‘ప్రజా’ గ్రంథాలయాల గురించి ఉపన్యాసాలు విన్న ఊరే అది. ఊళ్లల్లో గ్రంథాలయాలు ఎక్కడుండేవో ఆలోచిస్తే సంగతి అర్థమవుతుంది. రచ్చచావడి దగ్గర, గుడి పక్కన, లేకపోతే దాతగారి ఇంటి ముందుగదిలో. మాలపల్లె నుంచి, మాదిగ వాడ నుంచి అక్కడికి నడిచి రావడానికి రాసిన నిబంధన ఏదీ అడ్డం లేకపోవచ్చు. ఊరి నిబంధన చాలు. గ్రంథాలయాల చరిత్రలు ఎన్ని పుస్తకాలు, ఎంత విరాళం, ఎవరు ప్రారంభించారు అని పూసగుచ్చినట్టు చెబుతాయి. గడప బయట నిలబడిపోయింది ఎవరో మాత్రం చెప్పవు. పాతూరి పడవ నచ్చేది ఇందుకే కూడా. దానికి గడప లేదు.

ఆడవాళ్ల సంగతి మరోరకం. భండారు అచ్చమాంబ బడి మొహం చూడకుండా తమ్ముడి పుస్తకాల పక్కన కూర్చుని చదువు పట్టుకుంది. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసింది. 1902లో బందరులో బృందావన స్త్రీ సమాజం పెట్టింది. ముప్పై ఏళ్లు నిండగానే వెళ్లిపోయింది. ఆ తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు. హైదరాబాదు తొలి తెలుగు గ్రంథాలయాన్ని నిలబెట్టినవాళ్లలో ఒకరు.

1901 సెప్టెంబరు 1న రెసిడెన్సీ బజారులో రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది. పేరు పొడుగ్గా ఉందని నవ్వుకోవచ్చు కానీ అందులో ప్రతి మాటా లెక్కపెట్టి పెట్టిందే. నిజాం రాజ్యంలో దర్బారు భాష ఉర్దూ, కచేరీ భాష ఉర్దూ. సగం మంది ప్రజలు ఇంట్లో మాట్లాడే తెలుగుకు ఇంటి బయట కూర్చోడానికి పీట లేదు. ఆ పీట వేసినది భాషానిలయం. రంగారావు పోయాక దానికి సొంత భవనం ఉండాలని ఆయన భార్య లక్ష్మీనరసమ్మ విరాళం ఇచ్చింది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం వచ్చింది. ఆ పైన పల్లెల్లో పెట్టబోతే సర్కారు అనుమానపు చూపులు. నలుగురు కూడి పత్రిక చదువుకున్నా అందులో రాజకీయం వాసన పట్టే అధికారులున్న కాలం.

అదే నగరంలో మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లో ఇంకో గ్రంథాలయం ఉంది. 1891లో మొదలైన అసఫియా. ఇప్పటి ఎత్తైన రాతి భవనంలోకి 1936లో చేరింది. అరబ్బీ, ఫారసీ, ఉర్దూ గ్రంథాలకు పుట్టిల్లుగా పుట్టి, రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంగా మారాక తెలుగు, హిందీ, ఇంగ్లీషు, మరాఠీ, కన్నడాలను కూడా కడుపులో పెట్టుకుంది. ఒకప్పుడు భాషానిలయం ఎందుకు పెట్టాల్సి వచ్చిందో తెలిసినవాడికి, ఆ మెట్లెక్కుతూ తెలుగు పాఠకుడూ ఉర్దూ పాఠకుడూ భుజాలు రాసుకోవడం ముచ్చటగానే ఉంటుంది.

తెలంగాణలో పడవలు నడిచే కాలువలు లేవు. అక్కడ పుస్తకం మనిషి భుజం ఎక్కింది. ఆ భుజం వట్టికోట ఆళ్వారుస్వామిది. 1915లో నల్లగొండ జిల్లాలో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోతే ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో వంటపని చేస్తూ అక్షరాలు నేర్చుకున్నాడు. కొన్నాళ్లు బెజవాడ హోటల్లో సర్వరు. బల్లల మధ్య తిరుగుతూ చేతికందిన పత్రికలు చదివినవాడు 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టాడు. పుస్తకాలు అచ్చేసి కొట్లకు పంపి ఊరుకోలేదు. సంచిలో వేసుకుని ఊరూరా తిరిగి, తలుపు తట్టి అమ్మాడు. నిజానికి ఆయన నడిపింది ప్రచురణ సంస్థ, గ్రంథాలయం కాదు. అయినా గ్రంథాలయోద్యమం కథలోంచి ఆయన్ను తీసేస్తే తెలంగాణ పేజీ సగం ఖాళీ. వంటింట్లో చదువు దొరికించుకున్నవాడికి పుస్తకం ఎక్కడిదాకా వెళ్లాలో లెక్క తెలుసు.

ఇదంతా విరాళాలమీద, మొండితనంమీద నడిచిన కాలం. 1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. స్వతంత్ర భారతంలో ఇలాంటివాటిలో మొదటిది. హైదరాబాదు రాష్ట్రం 1955లో తన చట్టం చేసుకుంది. రెండు ప్రాంతాలూ కలిశాక 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. దీంతో గ్రంథాలయం దాతగారి దయ నుంచి బయటపడి పన్ను కట్టేవాడి హక్కు అయింది. ఇంటి పన్ను రసీదు తీసి చూస్తే అందులో గ్రంథాలయ పన్ను అనే గీత ఒకటి కనిపిస్తుంది. పూరిగుడిసె ఉన్నవాడూ మేడ ఉన్నవాడూ ఎవరి తాహతు కొద్దీ వాళ్లు కడతారు, అందరికీ ఒకే బల్ల. ఆలోచన చాలా గొప్పది. అమలే కుంటి నడక. వసూలు చేసిన స్థానిక సంస్థలు ఆ సొమ్మును జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చెయ్యకుండా బకాయిలు పెడుతూ ఉంటాయి. కొత్త పుస్తకాలు రావు, రిటైరైన గ్రంథపాలకుడి కుర్చీలోకి కొత్త మనిషి రాడు. చాలాచోట్ల కూలిపనికి పోయేవాడు ఇంట్లో లేని వేళల్లోనే శాఖా గ్రంథాలయం తెరిచి ఉంటుంది. అతను తిరిగొచ్చేసరికి తాళం. దీనికి చట్ట సవరణ అక్కర్లేదు, గోడ గడియారం చూస్తే చాలు.

చట్టం నీడకు రాకుండా సొంత కాళ్లమీద నిలబడినవీ ఉన్నాయి. చీరాల పక్కన వేటపాలెం మగ్గాల ఊరు. అక్కడి సారస్వత నికేతనం 1918లో పుట్టింది. 1929లో గాంధీగారు వచ్చారు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడే భద్రంగా ఉంది. కానీ పరిశోధకులు వేటపాలెం బస్సు దిగేది కర్ర కోసం కాదు, పాత పత్రికల కోసం. వేరే చోట చెదలకు పోయిన సంచికలు అక్కడ బౌండు కట్టి ఉంటాయి. పేజీ తిప్పితే పొడి పొడిగా రాలే కాగితాన్ని వేలికొసతో లేపుతూ, నూరేళ్ల కిందటి వార్తను నోట్సులోకి ఎక్కించుకునేవాళ్లకు ఆ ఊరే విశ్వవిద్యాలయం.

ఇక ఇవాళ్టి సంగతి తెలియాలంటే హైదరాబాదు చిక్కడపల్లి వెళ్లాలి. నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దున్నే కుర్చీలు నిండిపోతాయి. పాలమూరు నుంచి, ఆదిలాబాదు నుంచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిల్లలు. గ్రూప్ పరీక్షలకో, పోలీసు ఉద్యోగాలకో, టీచరు పోస్టులకో చదువుతుంటారు. చాలామంది గ్రంథాలయం బీరువాల జోలికి పోరు. ఎవరి పుస్తకాలు వాళ్లే తెచ్చుకుంటారు, బల్లమీద పేర్చుకుంటారు, పక్కన నీళ్ల సీసా. అయ్యంకి, పాతూరి చూస్తే ఇదేమి గ్రంథాలయమని ఆశ్చర్యపోయేవాళ్లేమో. ఒకప్పుడు మనిషి ఉన్నాడు, పుస్తకం చేరలేదు. ఇప్పుడు పుస్తకం చేతిలోనే ఉంది, చదువుకోడానికి చోటు లేదు. నలుగురు పంచుకునే అద్దె గదిలో బల్ల ఉండదు, నిశ్శబ్దం ఉండదు. ఆ పిల్లలకు కావలసింది ఒక కుర్చీ, తలపైన ఫ్యాను, రోజంతా లేపకుండా వదిలెయ్యడం. పుస్తకం అడగని పాఠకుడు పాఠకుడేనా అని పెదవి విరిచేవాళ్లు లేకపోలేదు. ఆ పెదవి విరుపుకు అర్థం లేదు. ఊరి నుంచి వచ్చిన కూలివాళ్ల పిల్ల ఒకతి కలెక్టరు కొడుకుతో సమానంగా కూర్చోగల చోటు నగరంలో ఇంకెక్కడుంది?

లోపల సీటు దొరకనివాళ్లు ఆవరణలో చెట్టు నీడ చూసుకుంటారు. ఎండ జరిగేకొద్దీ కుర్చీ కూడా జరుగుతూ ఉంటుంది.