ఓరుగల్లు వీధుల్లో ఇద్దరు, లాంఖ్‌మార్ వీధుల్లో ఇద్దరు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ పేరు వినని సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఈ రోజుల్లో తక్కువే. బల్ల ముందు కూర్చుని ఆడినవాళ్ళు మాత్రం మనలో ఇంకా తక్కువ. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. నలుగురైదుగురు బల్ల చుట్టూ చేరతారు. ఒకాయన కథ నడుపుతాడు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర. "నేను ఆ తలుపు తోస్తాను" అంటే, అది తెరుచుకుందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు 1974లో దీన్ని పుస్తకాలుగా అచ్చువేశారు.

ఈ ఆటల్లో నాకు రాక్షసులకన్నా ఊళ్ళంటే ఇష్టం. గ్రేహాక్, లాంఖ్‌మార్, వాటర్‌డీప్, సిగిల్... భూమ్మీద ఎక్కడా లేని ఊళ్ళివి. అయినా దశాబ్దాలుగా జనం వాటి సందుగొందుల్లో తిరుగుతూనే ఉన్నారు. లేని ఊరికి ఇంత ప్రాణం ఎక్కడిది?

నాకు తోచిన జవాబు ఇది. సినిమాలో ఊరంటే కెమెరా చూపించినంత మేరకే. ఆటలో అలా కుదరదు. ఆడేవాడు రాజుగారి కోట వదిలేసి పక్క సందులోకి దూరతాడు. "ఇక్కడ భోజనం ఎక్కడ దొరుకుతుంది? ఎంత?" అంటాడు. మన భాషలో చెప్పాలంటే యూజర్ ఏ బటన్ నొక్కినా స్క్రీన్ రావాలి :) అందుకే 1976లో జడ్జెస్ గిల్డ్ అనే సంస్థ 'సిటీ స్టేట్ ఆఫ్ ది ఇన్విన్సిబుల్ ఓవర్‌లార్డ్' పేరుతో పెద్ద పటం వేసి, ఏ వీధిలో ఏ కొట్టుందో, అందులో ఎవరుంటారో రాసి మరీ అమ్మింది. ఎడ్ గ్రీన్‌వుడ్ ఊహించిన వాటర్‌డీప్‌లో అన్నిటికన్నా పేరున్నది రాజభవనం కాదు, యానింగ్ పోర్టల్ అనే సత్రం. దాని మధ్యలో ఒక పెద్ద బావి. అందులోంచి దిగితే ఊరి కింద ఉన్న సొరంగాలు.

వీటిలో లాంఖ్‌మార్ అన్నిటికన్నా ముందుది. ఫ్రిట్జ్ లైబర్, హ్యారీ ఫిషర్ అనే ఇద్దరు మిత్రులు 1937లో తమ సరదా కోసం బల్ల మీద ఆడుకునే ఆటగా దాన్ని తయారుచేసుకున్నారు. 1939 నుంచి లైబర్ కథలు అచ్చయ్యాయి. ఒక పొడుగు మోటు మనిషి, ఒక పొట్టి దొంగ. ఇద్దరూ కలిసి మహానగరంలో తిరుగుతారు, తాగుతారు, తన్నులాడతారు, సత్రంలో తేలతారు. ఆ కథలు, ఆ ఊరే తర్వాత వచ్చిన ఆటల ఊళ్ళకి ఒరవడి పెట్టాయి.

ఇద్దరు స్నేహితులు, ఒక మహానగరం, పూటకూళ్ళ ఇల్లు. ఇది మనకెక్కడో తగిలినట్టు లేదూ?

అదే క్రీడాభిరామం. వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉంది. కాదు, శ్రీనాథుడిదే అని వేటూరి ప్రభాకరశాస్త్రి గారు వాదించారు. ఆ తగాదా పండితులకి వదిలేద్దాం. రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత ప్రేమాభిరామం దీనికి మూలం. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లులో పొద్దున్నుంచి రాత్రిదాకా తిరుగుతారు. అంతే కథ! మైలసంత చూస్తారు. కోడిపందేలు, పొట్టేళ్ళ పోట్లాట చూస్తారు. పల్నాటి వీరుల కథ పాడుతుంటే నిలబడి వింటారు. మాచల్దేవి ఇంటి చిత్రశాల దగ్గర ఆగుతారు. ఆకలేస్తే లక్ష్మణవజ్ఝల ఇంట్లో భోజనం. కవి వడ్డనతో పాటు ధర కూడా చెబుతాడు, ఒక రూక. శృంగారం పాలు ఎక్కువే, పిల్లలకి చదివి వినిపించే పుస్తకం కాదు. కానీ ఊరు మాత్రం కళ్ళముందు కదులుతుంది. ప్రక్రియ పేరు కూడా సరిగ్గా కుదిరింది. దశరూపకాల్లో ఒకటైన 'వీథి' అది.

మన ప్రబంధాల్లో పురవర్ణన తప్పనిసరి, అష్టాదశ వర్ణనల్లో ఒకటి. మనుచరిత్ర తెరవగానే అరుణాస్పదపురం వస్తుంది. పద్యాలు అద్భుతం, కాదనను. కానీ మేడలు చంద్రుణ్ణి ఒరుసుకునే ఆ ఊళ్ళో కొత్తమనిషి రాత్రి ఎక్కడ పడుకోవాలో తెలీదు. 2015లో బాహుబలి చూపించిన మాహిష్మతి కూడా ఈ వంశానిదే. పేరు నర్మద ఒడ్డున వెలిసిన పాత నగరానిది. ఆకాశమంత విగ్రహం ఉంది, సింహాసనం ఉంది. సోలెడు బియ్యం ఎంతో అడగండి, చెప్పేవాడు లేడు.

అది కల్పన, ఓరుగల్లు నిజమైన ఊరు కదా, పోలికేమిటి అనొచ్చు. నిజమే. కానీ 1323లో కాకతీయ రాజ్యం పడిపోయింది. ఇవాళ కోటకి వెళితే నాలుగు తోరణాలు, ప్రాకారాలు, శిల్పాలు కనిపిస్తాయి. ఆ పూటకూళ్ళ ఇల్లు కనిపించదు. రాజు కట్టించింది రాయి మీద మిగిలింది, జనం బతికింది పద్యంలో మిగిలింది. ఆ పద్యం ఎవరూ రాయకపోయుంటే? నన్ను పట్టి పీడించే ప్రశ్న ఇదే.

ఎందుకంటే మా వైపు ఊళ్ళకి అలాంటి పద్యం లేదు. మాది ఇబ్రహీంపట్నం. హైదరాబాద్ పక్కదీ కాదు, విజయవాడ పక్కదీ కాదు, జగిత్యాల జిల్లాది. 2016 దాకా కరీంనగర్ జిల్లా. మా జిల్లాలోనే గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉంది. శాతవాహనుల తొలిరాజు నాణేలు దొరికిన చోటు. రాజు పేరు నాణెం మీద ఉంది. ఆ నాణెంతో సంతలో ఏం కొన్నారో మాత్రం తెలీదు. జగిత్యాలలో నక్షత్రం ఆకారంలో కోట ఉంది, చుట్టూ కందకం. 1747 నాటిదని, ఫ్రెంచి ఇంజినీర్లు కట్టారని చెప్పుకుంటారు. ఏ ఆటల పుస్తకంలోనైనా అట్టమీద వేసుకోదగ్గ కోట. గోడలున్నాయి, లోపల బతికిన ఊరు లేదు.

మరి ఇవాళ్టి ఊరి సంగతి? సిరిసిల్లలో సాంచాల చప్పుడు, మెట్‌పల్లిలో పసుపు, కోరుట్లలో ఇంటింటా బీడీలు చుట్టే చేతులు, దుబాయ్, మస్కట్ పోయినవాళ్ళ కోసం ఎదురుచూసే ఇళ్ళు. ఆటల్లో ఒక పాత అలవాటుంది. సత్రంలో ఎవరో అపరిచితుడు వచ్చి పక్కన కూర్చుని, దూరదేశంలో నిధి ఉంది, వెళ్తావా అంటాడు. మా వైపు ఆ పాత్ర పేరు గల్ఫ్ ఏజెంటు. నిధి దొరికినవాళ్ళున్నారు, అప్పులతో తిరిగొచ్చినవాళ్ళున్నారు, పెట్టెలో తిరిగొచ్చినవాళ్ళూ ఉన్నారు. ఇంతకంటే పెద్ద పాచికలాట ఏ డంజన్‌లో ఉంది చెప్పండి?

గేములు తయారుచెయ్యడం మనవాళ్ళకి రాక కాదు. హైదరాబాద్‌లో కూర్చుని పరాయి కోటలకి రాయి రాయీ పేరుస్తున్నవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. అందుకే ఈసారి ఊరెళ్ళినప్పుడు ఒక పని చెయ్యండి. ఒక కాగితం మీద మీ ఊరి పటం గీయండి. గుడి, మసీదు, కోట అందరూ వేస్తారు. మీరు అంగడి ఏ వారమో, ఏ బావి నీళ్ళు ఎవరు తోడుకునేవాళ్ళో, ఎవర్ని తోడుకోనిచ్చేవాళ్ళు కాదో, చాయ్ హోటల్లో చాయ్ ఎంతో రాయండి. వివరం తెలిసిన పెద్దవాళ్ళు ఉండగానే అడిగి రాయండి. తర్వాత దాంట్లో రాక్షసుల్ని వదులుతారా, మంచనశర్మనీ టిట్టిభసెట్టినీ తిప్పుతారా అన్నది మీ ఇష్టం. ముందు ఊరంటూ ఉండాలి కదా!