జనం మాట, రచయిత శీర్షిక

ఊళ్లోకి వెళ్లి పదిమందిని మాట్లాడించుకు రావడం ఒక ఎత్తు, ఆ మాటల మూట విప్పి నాలుగైదు శీర్షికల కింద నివేదిక రాయడం మరో ఎత్తు. మొదటిదానికి ఓపిక చాలు. రెండోది ఎలా చేయాలో తేల్చుకోవడానికి సామాజిక శాస్త్రాలకు దాదాపు వందేళ్లు పట్టింది. తగవంతా ఒక్కచోటే: రాసినవాడు తేల్చిన సంగతి ఆ మాటల్లోంచి వచ్చిందా, లేక ముందే వాడి బుర్రలో ఉందా?

సామాజిక శాస్త్రవేత్తలు విలియం థామస్, ఫ్లోరియన్ జ్నానియెత్స్కీ అమెరికాకు వలస వచ్చిన పోలండ్ రైతుల మీద 1918–20 మధ్య ఐదు సంపుటాలు తెచ్చారు. స్వదేశంలోని కుటుంబాలకూ వలసపోయినవాళ్లకూ మధ్య నడిచిన వందలాది ఉత్తరాలను కుటుంబాల వారీగా పేర్చి అచ్చువేశారు. ముందు సిద్ధాంతం, వెనక ఉత్తరాలు. 1939లో మరో సామాజిక శాస్త్రవేత్త హెర్బర్ట్ బ్లూమర్ ఈ పుస్తకాన్ని తూచి చూసి అసలు లోపం పట్టుకున్నాడు. వ్యాఖ్యలు నమ్మేలాగే ఉన్నాయి, కానీ ఉత్తరాలు వాటిని రుజువూ చేయవు, కాదనీ అనవు అన్నాడు. ఉల్లేఖనాలు గుప్పించినంత మాత్రాన వాదన నిలబడదని తేలింది. ఇప్పటికీ చాలా నివేదికలకు ఈ చురక తగులుతుంది.

మన దగ్గర మానవశాస్త్రజ్ఞుడు శ్యామాచరణ్ దూబే 1951–52లో ఉస్మానియా విశ్వవిద్యాలయం బృందంతో హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటను పరిశీలించారు. 1955లో పుస్తకం వచ్చింది. సామాజిక నిర్మాణం, ఆర్థిక నిర్మాణం, కర్మకాండ, కుటుంబ బంధాలు, ఇలా సాగుతాయి అధ్యాయాలు. లోపలి వివరం దిట్టమైనదే గానీ, ఆ విషయసూచిక ఏ ఊరికైనా సరిపోతుంది. అది దూబే ఒక్కరి తప్పు కాదు, ఆ కాలపు మానవశాస్త్ర పద్ధతే అంత. దీనికి ఎదురుగా ఎం.ఎన్. శ్రీనివాస్‌ది వింత కథ. కర్ణాటకలోని రాంపుర మీద పద్దెనిమిదేళ్లుగా సరిచేసుకున్న నోట్సు మూడు ప్రతులూ 1970లో స్టాన్‌ఫోర్డ్‌లో ఎవరో పెట్టిన నిప్పుకు కాలిపోయాయి. జ్ఞాపకం ప్రధాన ఆధారంగా రాసిన పుస్తకం 1976లో వచ్చింది. ఊరి మనుషులు అందులో కనిపించినంత సజీవంగా చాలా పద్ధతైన నివేదికల్లో కనిపించరు.

మలుపు మాత్రం ఆసుపత్రి వార్డుల్లో వచ్చింది. సామాజిక శాస్త్రవేత్తలు బార్నీ గ్లేసర్, ఆన్సెల్మ్ స్ట్రాస్ శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతపు ఆసుపత్రుల్లో మరణం అంచున ఉన్న రోగులను, నర్సులను, డాక్టర్లను గమనించి 1965లో పుస్తకం రాశారు. ‘రోగుల అభిప్రాయాలు’, ‘సిబ్బంది అభిప్రాయాలు’ అని గంపలు పెట్టుకోలేదు. ఎవరికి ఏం తెలుసు, ఎదుటివాడికి తెలుసని ఎవరికి తెలుసు అన్న ప్రశ్నతో అంతా అల్లారు. నాలుగు స్థితులు తేలాయి: రోగికి అసలు తెలియకపోవడం, అనుమానం పడటం, ఇద్దరికీ తెలిసీ తెలియనట్టు నటించడం, దాపరికం లేకపోవడం. మూడోదాన్ని చూడండి. రోగికి తెలుసు, నర్సుకూ తెలుసు. ఇద్దరూ చావు ఊసు రాకుండా, ప్రమాదం లేని కబుర్లలో పొద్దుపుచ్చుతారు. ఒకరు నోరు జారితే రెండోవారు విననట్టే ఉంటారు. మన ఇళ్లలో క్యాన్సర్ మనిషి మంచం పక్కన కూర్చున్నవాళ్లెవరికీ దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. నివేదికకు కావలసిన థీమ్ అంటే ఇదీ: విషయం పేరు కాదు, విషయం గురించి ఒక తీర్మానం. రెండేళ్ల తర్వాత, 1967లో, ఒక సంఘటనను మరో సంఘటనతో పోలుస్తూనే పోవాలన్న తమ పద్ధతిని విడిగా పుస్తకంగా వివరించారు.

1980లలో ఈ పనిలోకి కంప్యూటర్ వచ్చింది.  రాసుకున్న మాటలను ముక్కలు చేసి గుర్తులు పెట్టే కత్తెర, రంగు పెన్సిళ్ల పని తగ్గింది. మాటల ముక్కలకు తగిలించే గుర్తుల్లో, అంటే కోడ్‌లలో, ఏది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి అదే విశ్లేషణ అనుకునే జబ్బూ పట్టుకుంది.

2006లో మనస్తత్వ శాస్త్రజ్ఞులు వర్జీనియా బ్రౌన్, విక్టోరియా క్లార్క్ థీమ్‌లు తేల్చడానికి ఆరు దశల దారి చూపించారు. ఆరో దశ నివేదిక రాయడం. అంటే రాత అనేది విశ్లేషణ ముగిశాక చేసే గుమాస్తా పని కాదు, విశ్లేషణలో భాగమే. థీమ్‌లు మాటల్లో దాక్కుని మనకోసం ఎదురుచూడవనీ, పరిశోధకుడే వాటిని కడతాడనీ వాళ్ల పట్టు. అడిగిన ప్రశ్నలనే శీర్షికలుగా దించేయడాన్ని తప్పుపట్టారు. ఉదాహరణకు రైతులతో మాట్లాడి వచ్చి ‘సాగునీటి సమస్యలు’ అని శీర్షిక పెడితే అది అడిగిన ప్రశ్నే. ‘బోరు ఎండినా పక్కవాడి ముందు తగ్గలేక మళ్లీ వేయిస్తారు’ అంటే అప్పుడు రచయిత ఏదో అన్నట్టు. ఇక ఆ మాటకు ఆధారం చూపించాలి, అలా వేయించని రైతు గురించీ చెప్పాలి.

ఈ ఆధారం సంగతే 2007లో, ఇలాంటి నివేదికల్లో ఏమేం ఉండాలో చెప్పే కోరెక్ అనే 32 అంశాల పట్టికలోకి ఎక్కింది. ఉల్లేఖనం ఏ మనిషిదో సంఖ్యతో గుర్తించారా, భిన్నమైన ఉదంతాలనూ చిన్న థీమ్‌లనూ చర్చించారా అని అది అడుగుతుంది. ఒక్క మాటకారి మాటలతోనే పేజీలు నింపితే ఇక్కడ దొరికిపోతారు. కానీ ఎంతమంది కోడింగ్ చేశారు, కొత్త సంగతులు రావడం ఆగేదాకా సేకరించారా అన్న ప్రశ్నలు కూడా ఆ పట్టికలోనే ఉన్నాయి. థీమ్‌ను కట్టేది పరిశోధకుడే అనే బ్రౌన్, క్లార్క్‌లకు ఇవి మింగుడుపడవు. వైద్య పత్రికలు మాత్రం ఆ పట్టికను అడుగుతూనే ఉన్నాయి.