128 బైట్లు, ఒక సంతకం

ఆమధ్య మా ఆఫీసులో ఒక ప్రాజెక్టు మూసేశారు. పదకొండు మందిమి మూడేళ్ళు పనిచేశాం దాని మీద. ఒక శుక్రవారం సాయంత్రం సర్వర్లు ఆపేశారు, సోమవారం పొద్దున అందరం వేరే పనుల్లో పడ్డాం. అందులో నేను రాసిన కోడు ఎంతో నాకే గుర్తులేదు. ఎక్కడా నా పేరు లేదు, ఉండాలన్న రూలూ లేదు. జీతం ఇచ్చారు, చెల్లు. ఏడవాల్సిందేం లేదు గానీ ఆ శని, ఆదివారాలు మాత్రం ఏదో వెలితిగా గడిచాయి. ఆ వెలితిలోనే, తయారుచేసిన కంపెనీయే 1992లో చాలించుకున్న ఒక వీడియో గేము యంత్రానికి ప్రోగ్రాము రాయడం మొదలెట్టాను. అదే అటారీ 2600. ఈ టపా నా ప్రోగ్రాము గురించి కాదు (దాని సంగతి చివర్లో చెప్తా, నవ్వకూడదు). ఆ యంత్రానికి ఇంకా ఇళ్ళల్లో కూర్చుని గేములు రాస్తున్నవాళ్ళ గురించి.

మనలో చాలామందికి అటారీ అంటే పేరు వినడమే. తొంభైల్లో మనం ఆడింది టీవీకి తగిలించే ఆ "టీవీ గేము". మారియో, కాంట్రా వగైరా. అవి నింటెండో వాళ్ళ ఫామికామ్‌కి నకళ్ళు. ఐతే చుట్టరికం లేకపోలేదు. ఫామికామ్ ప్రాసెసరుదీ, అటారీ 2600 ప్రాసెసరుదీ ఒకటే వంశం: 1975లో మోస్ టెక్నాలజీ వాళ్ళు 25 డాలర్లకి అమ్మి అందరినీ అదరగొట్టిన 6502. అటారీలో వాడింది దాని చవక తమ్ముడు, 6507. కాలేజీ ల్యాబులో 8085 కిట్టు మీద హెక్స్ కోడు కొట్టి చేతులు నొప్పెట్టినవాళ్ళకి దీన్ని చూస్తే పాత వీధిలోకి వెళ్ళినట్టే ఉంటుంది.

ఇంతకీ యంత్రం సంగతి. 1977లో అమెరికాలో విడుదలైంది. వేగం 1.19 మెగాహెర్ట్జ్. ర్యామ్ 128 బైట్లు. కిలోబైట్లు కాదు బాబూ, బైట్లే. మన లెక్కలో చెప్పాలంటే, యూనికోడ్ యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు తింటుంది. "ఆంధ్రప్రదేశ్" అని రాయడానికి 36 బైట్లు. అంటే ఆ పేరు మూడుసార్లు రాస్తే నాలుగోదానికి చోటుండదు. స్కోరు, ప్రాణాలు, శత్రువులు ఎక్కడున్నారో, చివరికి స్టాకు కూడా ఆ 128లోనే సర్దుకోవాలి.

ఇంత తక్కువ ర్యామ్‌లో తెరమీది బొమ్మని దాచుకోవడం కుదరదు కదా. కాబట్టి దాచుకోదు! ఫ్రేము బఫరు అనేదే లేదు. జే మైనర్ ముఖ్యంగా రూపొందించిన టీఐఏ అనే చిప్పుకి ఒక్క అడ్డగీత తాలూకు సమాచారం మాత్రమే తెలుసు. టీవీలో ఎలక్ట్రాన్ కిరణం ఎడమ నుంచి కుడికి ఒక గీత గీస్తుంటే, మన ప్రోగ్రాము దాంతో పాటు పరుగెత్తుతూ "ఇప్పుడు ఈ రంగు, ఇప్పుడు ఈ ఆకారం" అని రిజిస్టర్లు మారుస్తూ ఉండాలి. ఒక గీతకి దొరికే సమయం 76 సైకిళ్ళు. ఒక విలువ తీసుకుని ఒక రిజిస్టర్లో రాయడానికి తక్కువలో తక్కువ 5 సైకిళ్ళు. అంటే గీతకి 15 మార్పులు, అంతే. ఒక్కో సైకిలుకి కిరణం మూడు చుక్కలు ముందుకెళ్ళిపోతుంది, మనకోసం ఆగదు.

అన్నిటికంటే నాకు నచ్చింది ఇంకోటుంది. బొమ్మని తెరమీద ఫలానా చోట పెట్టు అని చెప్పడానికి ఎక్స్ నిరూపకం లేదు. కిరణం ఆ చోటికి వచ్చినప్పుడు ఒక రిజిస్టరుని తాకాలి. ఏ విలువ రాశామన్నది దానికి అనవసరం, ఎప్పుడు రాశామన్నదే లెక్క. మన ప్రోగ్రాముల్లో సమయం గురించి ఆలోచించేది లాగుల్లో టైమ్‌స్టాంపు చూసినప్పుడే. ఇక్కడ సమయమే చిరునామా.

అమెరికా టీవీకి ఫ్రేముకి 262 గీతలు. అందులో 192 బొమ్మకి. మిగిలినవాటిలో, కిరణం కింద నుంచి పైకి తిరిగెళ్ళే ఆ కాస్త వ్యవధిలో, ఆట తాలూకు ఆలోచనంతా చేసుకోవాలి. ఇదంతా సెకనుకి 60 సార్లు.

నిజానికి ఈ యంత్రాన్ని పాంగ్, ట్యాంక్ లాంటి ఆటల కోసమే గీసుకున్నారు. అందుకే అందులో ఉన్న కదిలే వస్తువులు ఇద్దరు ఆటగాళ్ళు, రెండు గుళ్ళు, ఒక బంతి. నాలుగేళ్ళు బతికితే గొప్ప అనుకుని ఉంటారు. కానీ 1982లో డేవిడ్ క్రేన్ ఇదే యంత్రం మీద 255 తెరల అడవితో పిట్‌ఫాల్ రాశాడు, 4 కిలోబైట్లలో. ఆ 255 తెరలూ ఎక్కడా దాచలేదు. ఒక 8 బిట్ల షిఫ్టు రిజిస్టరు లెక్కతో ముందుకెళ్తే తర్వాతి తెర, వెనక్కి తిప్పితే ముందటి తెర పుట్టుకొస్తాయి. ఆ బిట్లే చెట్లెక్కడో, గొయ్యెక్కడో, మొసళ్ళెక్కడో చెప్తాయి. ఇది చదివినరోజు మా ఆఫీసు కాన్ఫిగరేషన్ ఫైళ్ళ సైజు చూసుకుని కాసేపు మౌనం పాటించాను :-)

ఇప్పుడు పేర్ల సంగతికొద్దాం. ఆ రోజుల్లో ఒక గేముకి ప్రోగ్రాము, బొమ్మలు, శబ్దాలు, ఆట రూపకల్పన అన్నీ ఒక్కరే చేసేవారు. అయినా పెట్టె మీద వాళ్ళ పేరు వేసేది కాదు అటారీ. ఏడాదికి 22,000 డాలర్ల జీతం మీద పనిచేసిన వారెన్ రాబినెట్ దీనికో ఉపాయం పన్నాడు. అడ్వెంచర్ అనే తన గేములో, కంటికి ఆననంత చిన్న చుక్క ఒకటి పట్టుకెళ్తే తెరుచుకునే రహస్యపు గది పెట్టి, అందులో తన పేరు రాసుకున్నాడు. ఎవరికీ చెప్పకుండా ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు. గేము 1980లో మార్కెట్లోకొచ్చాక ఒక కుర్రాడు ఆ గది కనిపెట్టి కంపెనీకి ఉత్తరం రాస్తేగానీ వాళ్ళకి తెలియలేదు.

రాబినెట్‌ది గెరిల్లా పద్ధతి. మిగతా నలుగురిది తిన్నగా తలుపు తట్టే పద్ధతి. డేవిడ్ క్రేన్, అలన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్, లారీ కాప్లన్. క్రేన్ తర్వాత చెప్పిన ప్రకారం, తాము రాసిన గేములే కంపెనీ అమ్మకాల్లో సింహభాగమని లెక్క చూసుకుని, పేరూ కొంత వాటా అడిగితే, కార్ట్రిడ్జిలు బిగించే కార్మికుడికీ మీకూ తేడా ఏముందన్నాడట పెద్దాయన. నాకైతే ఇందులో ఇద్దరికీ అన్యాయమే కనిపిస్తుంది, బిగించేవాడితో కలిపి. సరే, ఆ నలుగురూ బయటికొచ్చి 1979లో జిమ్ లెవీతో కలిసి ఆక్టివిజన్ పెట్టారు. గేము పుస్తకంలో రాసినవాడి పేరూ ఫోటో వేశారు. అటారీ కేసు వేసింది, 1982లో రాజీ కుదిరింది. దాంతో ఎవరైనా ఆ యంత్రానికి గేములు చేసి అమ్ముకోవచ్చని తేలిపోయింది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ స్వేచ్ఛే చెత్తకి కూడా గేటు తీసింది. దుకాణాలు నాసిరకం గేములతో నిండిపోయాయి. అటారీ తనవంతుగా ఈటీ సినిమా గేముని అయిదు వారాల్లో రాయించింది. 1983లో అమెరికా వీడియో గేముల మార్కెట్టు కుప్పకూలింది. మిగిలిపోయిన సరుకు కొంత న్యూ మెక్సికోలోని అలమోగోర్డో చెత్తదిబ్బలో పూడ్చారు, 2014లో తవ్వి తీశారు కూడా. 1985లో అమెరికా వచ్చిన నింటెండో ఈ గుణపాఠం నేర్చుకుని యంత్రంలో తాళం చిప్పు పెట్టింది: మా అనుమతి లేని కార్ట్రిడ్జి నడవదు.

అటారీ 2600కి ఆ తాళం లేదు. నా దృష్టిలో తర్వాతి కథంతా ఈ ఒక్క విషయం నుంచే వచ్చింది.

1992 జనవరి 1న యంత్రం అధికారికంగా ముగిసింది. సరిగ్గా అప్పుడే ఇంటర్నెట్ జనాల్లోకొస్తోంది. స్టీవ్ రైట్ 1979లో కంపెనీ లోపలివాళ్ళకోసం రాసిన ప్రోగ్రామర్ల గైడుని ఎవరో టైపు చేసి నెట్‌లో పెట్టారు. 1995లో ఎడ్ ఫెడర్‌మేయర్ టెట్రిస్ తరహాలో ఎడ్‌ట్రిస్ 2600 రాసి కార్ట్రిడ్జిగా అమ్మాడు. 1996లో బ్రాడ్‌ఫర్డ్ మాట్ స్టెల్లా అనే ఎమ్యులేటరు చేశాడు. (స్టెల్లా అనేది అసలు యంత్రానికే లోపలి పేరు. రూపకర్తల్లో ఒకడైన జో డెక్యూర్ సైకిలు పేరది!) కార్ట్రిడ్జి తయారీ కూడా కుటీర పరిశ్రమే. ఎక్కడపడితే అక్కడ దొరికే పాత గేము ఒకటి కొని, విప్పి, అందులో చిప్పు పీకి, తమ ప్రోగ్రాము ఎక్కించిన ఈప్రామ్‌ని టంకం పెట్టి అతికించడం. చిప్పు ఎంచుకునే సంకేతం తిరగబడి ఉంటుంది కాబట్టి మధ్యలో ఒక ఇన్వర్టరు కూడా.

అలా మొదలై 2000లో థామస్ యెంట్ష్ థ్రస్ట్, 2006లో డారెల్ స్పైస్ మిడీవల్ మేహెమ్ లాంటివి వచ్చాయి. ఎనభైల్లో కంపెనీలు చేసినవాటికి ఏమాత్రం తీసిపోనివి. 2010లో ఎడ్ ఫ్రైస్, అంటే మైక్రోసాఫ్టులో ఎక్స్‌బాక్స్ గేములు చూసిన వైస్ ప్రెసిడెంటు, 4 కిలోబైట్లలో హేలో 2600 రాశాడు. పెద్ద పదవులు చూసినవాడు ఒక్కో సైకిలూ ఎంచుకుంటూ కూర్చున్నాడన్నమాట. 2013లో దాన్ని స్మిత్సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియం తన సేకరణలో చేర్చుకుంది.

గొడవలూ ఉన్నాయి. హార్మొనీ అనే కార్ట్రిడ్జిలో ఆర్మ్ ప్రాసెసరు ఉంటుంది, అసలు యంత్రం కంటే ఎన్నో రెట్లు వేగం. దాంతో లెక్కలు చేయిస్తే అది అటారీ గేమేనా? కాదంటారు కొందరు. కానీ క్రేన్ కూడా 1984లో పిట్‌ఫాల్ 2 కార్ట్రిడ్జిలో సొంత చిప్పు పెట్టాడు కదా అంటారు మిగతావాళ్ళు. నా ఓటు ఇద్దరికీ. కిరణంతో పరుగు మాత్రం ఎవరికీ తప్పదు మరి.

అసలు చిక్కు వేరే ఉంది. ఈ ఇంటి గేములు ఎక్కువగా అమ్ముడయ్యేది అటారీఏజ్ దుకాణంలో. 2023లో దాన్ని ఇప్పటి అటారీ కంపెనీ కొనేసింది. అదే ఏడాది కొత్త టీవీలకి తగిలించుకునేలా 2600 ప్లస్ కూడా తెచ్చింది. మంచిదే. ఐతే వేరేవాళ్ళ హక్కులున్న పాత ఆటల ఆధారంగా, అనుమతి లేకుండా చేసిన గేములు దుకాణం నుంచి తీసేయాల్సొచ్చింది. చట్ట ప్రకారం సబబే, కాదనను. కానీ ముప్పయ్యేళ్ళు దిక్కులేని యంత్రాన్ని పోషించింది ఎవరు? పేరు వేయమన్నందుకు గెంటించుకున్నవాళ్ళ వారసులే అని నా అభిప్రాయం. ఆ యంత్రం ఇవాళ అమ్ముడుపోతోందంటే అందులో వాళ్ళ వాటా ఉంది, కాగితం మీద లేకపోయినా.

ఇక నా ప్రోగ్రాము. ఒక బొమ్మ వెడల్పు 8 చుక్కలే కాబట్టి అందులో "అ" అక్షరం పట్టించి, జాయ్‌స్టిక్‌తో అటూ ఇటూ జరపాలని. మెలికలు ఎనిమిది చుక్కల్లో ఇమడ్చడానికే రెండు రాత్రులు పట్టింది. ఎమ్యులేటర్లో బ్రహ్మాండంగా నడిచింది. మా స్నేహితుడి దగ్గరున్న అసలు యంత్రానికి, పాత డబ్బా టీవీకి తగిలిస్తే బొమ్మ లిఫ్టులా పైకి జారిపోతూనే ఉంది! "నా మిషన్లో పనిచేస్తోందే" అని టెస్టరుతో అనే మాట నోటిదాకా వచ్చింది. లెక్కపెడితే 263 గీతలు పంపిస్తున్నాను. ఒక్క గీత ఎక్కువ. తీసేశాక "అ" నిలబడింది.

మొత్తం కోడు 400 బైట్ల లోపే. ఖాళీ చాలా మిగిలింది కాబట్టి చివర్లో నా పేరు కూడా పెట్టాను, తెర మీదకి రాకుండా. వాడెప్పుడైనా ఆ చిప్పు చదివి చూస్తే కనిపిస్తుంది.