మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు అడ్డంగా

రోడ్డును చరిత్రకు ఆధారంగా చూడటం మన సాహిత్య విద్యార్థులకు అంతగా అలవాటు లేదు. శాసనం చదువుతాం, తాళపత్రం చదువుతాం. కాలికింది నేలను చదవం. కాని హైదరాబాదుకు ఉత్తరాన వున్న మేడ్చల్, శామీర్‌పేటల పటం ముందు పెట్టుకుంటే యెవరి అవసరం యెప్పుడు చెల్లిందో దారులే చెబుతాయి.

పటంలో కొట్టవచ్చినట్టు కనిపించేవి రెండు గీతలు. రెండూ సికిందరాబాదు కంటోన్మెంటు వైపునుంచే ఉత్తరానికి విచ్చుకుంటాయి. పడమటిది మేడ్చల్ మీదుగా నాగపూరుకు పోతుంది. ఒకనాటి 7వ నంబరు జాతీయ రహదారి, 2010లో నంబర్లు మార్చాక 44. తూర్పుది శామీర్‌పేట మీదుగా కరీంనగర్, రామగుండం పోయే రాజీవ్ రహదారి. 1900 ప్రాంతంలో సికిందరాబాదునుంచి మన్మాడుకు వేసిన మీటరుగేజి రైలు కూడా మేడ్చల్ మీదుగానే సాగింది. మరాఠ్వాడా పత్తి బొంబాయి దారి పట్టడానికి అది అక్కరకు వచ్చింది. మేడ్చల్ రైతు కూడా ఆ బండి యెక్కాడు, నిజమే. అయితే పట్టాలు వేసింది అతనికోసం కాదు.

మరి యీ రెండు గీతల నడుమ పల్లెలు? నగరం చుట్టూ వున్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో అత్యధిక భాగం సర్ఫెఖాస్, అంటే నిజాం సొంత ఖర్చులకు పోయే భూమి. శిస్తు నగరానికి చేరాలంటే దారి కావాలి. వూరునుంచి వూరికి దారి వేస్తే ఖజానాకు వొరిగేదేమీ లేదు. 1949లో సర్ఫెఖాస్ దివానీలో కలిసింది, జాగీర్లు రద్దయినాయి. దారుల అమరిక మాత్రం పాతదే. బండిచక్రానికి ఆకులు వున్నాయి, వాటిని చుట్టి కట్టే వలయం లేదు.

ఆ వలయం చివరికి వచ్చింది. 158 కిలోమీటర్ల అవుటర్ రింగురోడ్డు 2008లో గచ్చిబౌలి, శంషాబాదుల మధ్య తెరుచుకొని, మేడ్చల్ పక్కనే కండ్లకోయ దగ్గర మిగిలిన తునకతో 2018లో పూర్తయింది. నగరంలో దూరకుండా పోవడానికి లారీలకు ప్రత్యామ్నాయం దొరికింది. వూళ్లకో? ఎనిమిది వరుసల ఆ దారిమీద మోటారుసైకిలుకు, ఆటోకు ప్రవేశం లేదు. ఎడ్లబండి మాట అడగనే వద్దు. పొలం ఇచ్చిన రైతు సర్వీసురోడ్డు పట్టుకొని, కిందినుంచి దాటే చోటు దొరికేదాకా చుట్టు తిరగాలి. ఆ పొలం తీసుకున్నది 1894 నాటి చట్టం కింద. తెల్లదొరలు రాసిన ఆ చట్టం 2013 చివరిదాకా బతికింది. ప్రజాప్రయోజనం అంటే యేమిటో తేల్చే అధికారం దానిలో సర్కారుదే. 2023లో యీ రోడ్డు టోలును 30 యేళ్లకు, 7,380 కోట్ల రూపాయలకు, ఒక ప్రైవేటు కంపెనీకి అప్పజెప్పారు. గుత్తలు నవాబులతోనే పోయాయనుకున్నాం!

అసలు రోడ్డే వద్దనే మిత్రులు మనలో కొందరున్నారు. వారితో నేను యేకీభవించను. 2016 అక్టోబరు 11న మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా యేర్పడింది. 2022లో దాని కలెక్టరేటు భవనాలు శామీర్‌పేట వైపు, అంతాయిపల్లిలో తెరిచారు. పేరు ఒక రహదారిమీద, కచేరీ ఇంకో రహదారిమీద! పాసుపుస్తకంలో తప్పు దిద్దించుకోవలసిన మేడ్చల్ ముసలిరైతుకు అడ్డరోడ్డూ, దానిమీద బస్సూ విలాసాలు కావు.

కాని పెద్ద పథకాలు యేవైపు చూస్తున్నాయి? 2024 మార్చిలో శంకుస్థాపన జరిగిన ఆకాశమార్గం ప్యారడైజ్ నుంచి శామీర్‌పేటకు సుమారు 18 కిలోమీటర్లు: మళ్లీ నగరంనుంచి బయటికే. ఇంకా ఉత్తరాన తూప్రాన్, గజ్వేల్ మీదుగా ప్రాంతీయ వలయరహదారి గీశారు. ఒకటి చక్రానికి మరో ఆకు, ఇంకొకటి మరో వలయం. నడుమ వూళ్లకు కావలసిన కల్వర్టు యే పథకంలోది?

యీ మధ్య తరగతిలో, పాఠం పక్కన పెట్టి, యీ ప్రాంతపు విద్యార్థులను తాము ఇంటినుంచి వచ్చే దారి కాగితంమీద గీయమన్నాను. చెరువుకట్ట గీశారు, వానకు మునిగే కల్వర్టు గీశారు, బస్సు ఆగని స్టాపు గీశారు. అవుటర్ రింగురోడ్డును ముగ్గురు గీశారు. ముగ్గురూ దాన్ని గోడలాగానే గీశారు.