పుటల బదిలీ: అట్లాస్ నుంచి డెన్నింగ్ వరకు

మెమరీ కొరత చాలాకాలం ప్రోగ్రామర్ల బాధ్యతగానే ఉండేది. పెద్ద ప్రోగ్రామును ముక్కలు చేసి, ఏ ముక్క ఎప్పుడు మెమరీలోకి రావాలో వారే నిర్ణయించవలసి వచ్చేది. ఆ భారాన్ని యంత్రం మీదికి మళ్ళించినది 1962 డిసెంబరులో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ప్రారంభమైన అట్లాస్ కంప్యూటర్. టామ్ కిల్బర్న్ బృందం ఫెరాంటి సంస్థతో కలిసి దీనిని నిర్మించింది.

అట్లాస్ కోర్ మెమరీ 16,384 పదాలు (పదమంటే ఇక్కడ 48 బిట్ల సముదాయం, వ్యాకరణ పరిభాష కాదు). అయస్కాంత డ్రమ్ములో అంతకు ఆరురెట్లు పట్టేవి. ప్రోగ్రాముకు మాత్రం రెండూ ఒకే మెమరీగా కనిపించేవి. 512 పదాలు ఒక పుట. కోరిన పుట కోర్‌లో లేకపోతే, నేటి కెర్నలుకు పూర్వరూపమైన పర్యవేక్షక ప్రోగ్రాము దానిని డ్రమ్ము నుంచి తెచ్చేది. అతిథికి ముందే గది సిద్ధపరచినట్లు, కోర్‌లో ఒక పుట చోటును ఎప్పుడూ ఖాళీగా ఉంచేది.

చిక్కంతా ఏ పుటను వెనక్కి పంపాలన్న దగ్గరే. ప్రతి పుటను వాడి ఎంతకాలమైందో, అంతకుముందు అది ఎంతకాలం వాడుకలో లేదో పోల్చి అట్లాస్ నిర్ణయించేది. ప్రోగ్రాములు ఆవృత్తంగా నడుస్తాయన్న ఊహ దీనికి ఆధారం. ఊహ తప్పితే, పంపిన పుటే మళ్ళీ కావలసి వచ్చేది. తరువాతి కాలపు బహుప్రోగ్రాము వ్యవస్థలలో ఇది ముదిరి, గణన కుంటుపడి బదిలీలే మిగిలేవి. దీనికే థ్రాషింగ్ అని పేరు.

ప్రోగ్రాము ఇటీవల వాడిన పుటల సమితిని పీటర్ డెన్నింగ్ 1968లో ‘వర్కింగ్ సెట్’ అన్నాడు. అది మెమరీలో ఇమిడితేనే ఆ ప్రోగ్రామును నడవనివ్వాలన్నాడు. ఏ పుటను పంపాలన్న ప్రశ్న, ఎన్ని ప్రోగ్రాములను చేర్చుకోవాలన్న ప్రశ్నగా మారడం ఇక్కడే.